నీడల్లో ఉన్న బంగారం: ఒక యోధుడి కవచానికి రంగు వేస్తూ రాసుకున్న డైరీ

మొదలుపెట్టే ముందు

బల్ల మీదున్నది బల్ల మీద ఆడే ఆటల్లో వాడే చిన్న బొమ్మ: 32 మిల్లీమీటర్ల స్కేలు రెజిన్ (గట్టి ప్లాస్టిక్‌లాంటి పదార్థం) యోధుడు. ఛాతీకి నున్నటి కవచం, భుజాల మీద ఒకదానిపై ఒకటి ఎక్కిన రేకులు, శిఖ ఉన్న శిరస్త్రాణం, ఎడమ చేతికి గుండ్రటి డాలు, దాని మీద ఉబ్బెత్తుగా సింహం ముఖం. వెనక మడమల దాకా జారే కేప్. చర్మం, తోలు పట్టీలు, కేప్ తప్ప మిగతాదంతా బంగారమే.

సీసాలో బంగారు రంగు దొరుకుతుంది, రెండు కోట్లు వేస్తే మెరుస్తుంది కూడా. అయినా ఆ బొమ్మ చేతిలోకి తీసుకుంటే పసుపు పూసిన ప్లాస్టిక్‌లాగే ఉంటుంది. మెరుపు తక్కువై కాదు, నీడలు తప్పై. ఈ ప్రాజెక్టులో నేను పట్టుకుని కూర్చోవాలనుకున్నది ఆ నీడలనే.

దానికి కారణం బంగారం స్వభావంలోనే ఉంది. వెండి తన మీద పడిన కాంతిని దాదాపు రంగు మార్చకుండా తిప్పి పంపుతుంది. బంగారం నీలాన్ని మింగేస్తుంది. ఎర్రటి కాంతిలో 90 శాతానికి పైగా వెనక్కి వస్తే, నీలం కాంతిలో 40 శాతం కూడా రాదు. అందుకే ఒకసారి తగిలి కంటికి చేరిన కాంతి పసుపు. అదే కాంతి రెండు రేకుల మధ్య సందులో పడి, రెండుసార్లు తగిలి బయటికి వస్తే ఎరుపులో 80 శాతానికి పైగా మిగులుతుంది, నీలం 16 శాతానికి పడిపోతుంది. మూడోసారి తగిలితే నీలం దాదాపు మిగలదు. బంగారు గిన్నె లోపలి వైపు బయటికంటే ఎర్రగా, చిక్కగా కనిపించేది ఇందుకే. అంటే బంగారం మీద నీడ నల్లబడదు, ముందు నారింజలోకి, తర్వాత ఎర్రటి గోధుమలోకి దిగుతుంది. బంగారం మీద నల్ల వాష్ (సందుల్లోకి పారే పలచటి రంగు) వేసి వదిలేస్తే అది మురికి పట్టిన ఇత్తడిలా మారిపోతుంది.

డాలు మీద రెండు పరీక్షలు

అసలు బొమ్మను ముట్టుకోకముందే స్పేర్ డాళ్లు రెండు తీసి పక్కన పెట్టుకున్నాను. ఒకదాని మీద లోహపు రంగులు, రెండోదాని మీద ఎన్‌ఎమ్‌ఎమ్ (నాన్-మెటాలిక్ మెటల్) పద్ధతి. ఎన్‌ఎమ్‌ఎమ్‌లో లోహపు పొడి ఒక్క రవ్వ కూడా ఉండదు. ముదురు గోధుమ, ఓకర్ పసుపు, ఐవరీ, తెలుపు, ఈ నాలుగు మాట్ (మెరవని) రంగులతోనే ప్రతిబింబాలను బొమ్మ గీసినట్టు గీయాలి. చేయి తిరిగినవాళ్లు చేస్తే చూపు తిప్పుకోలేం.

రెండు డాళ్లనూ దీపం కింద పెట్టి మెల్లగా తిప్పి చూశాను. ఎన్‌ఎమ్‌ఎమ్ డాలు ఎదురుగా ఉన్నప్పుడు అద్భుతం. పక్కకు తిప్పితే వెలుగు గీత అక్కడే అతుక్కుపోయి ఉంది, కంటితో పాటు కదలలేదు. లోహపు రంగు వేసిన డాలులో మెరుపు కదిలింది, కానీ నీడ పడాల్సిన చోట కూడా తళుక్కుమంది.

ఈ బొమ్మ ఆట బల్ల మీద అన్ని వైపుల నుంచీ కనిపించేది, చేతిలో తిరిగేది. కాబట్టి లోహపు రంగులే వాడతాను. కానీ ఎన్‌ఎమ్‌ఎమ్ నుంచి ఒక విషయం తెచ్చుకుంటాను: ఎక్కడ వెలుగు, ఎక్కడ చీకటి అనేది రంగు సీసాకు వదిలేయకుండా నేనే నిర్ణయిస్తాను. నీడ పడే చోట మాట్ రంగు, వెలుగు పడే చోట లోహపు పొడి. అప్పుడు బొమ్మను ఎటు తిప్పినా నీడలు నీడల్లాగే ఉంటాయి. ఫోటో కోసం, షోకేసులో ఒకే వైపు నుంచి చూడటం కోసం చేసే బొమ్మైతే ఎన్‌ఎమ్‌ఎమ్‌కే ఓటేస్తాను.

శుభ్రం, ప్రైమర్

లోహపు రంగు దేన్నీ దాచదు. మామూలు మాట్ రంగు కింద కనపడని అచ్చు గీత (అచ్చు సగాలు కలిసిన చోట మిగిలేది), బంగారం కింద వెంట్రుక అంత మందాన మెరిసిపోతుంది. ఛాతీ కవచం పక్కల ఉన్న గీతల్ని కత్తి వెనక వైపుతో గీకి, 600 గ్రిట్ ఉప్పుకాగితంతో, తర్వాత 1000తో తడిపి రుద్దాను. రెజిన్ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, తడిపి రుద్దితే గాల్లోకి లేవదు, పైగా ఉపరితలం నున్నగా వస్తుంది. తర్వాత గోరువెచ్చని సబ్బు నీళ్లలో పాత టూత్‌బ్రష్‌తో కడిగి ఆరబెట్టాను. అచ్చులో నుంచి రెజిన్ ఊడి రావడానికి పూసే నూనె పోకపోతే ప్రైమర్ పొక్కులు లేస్తుంది.

డాలును, కేప్‌ను విడిగానే ఉంచాను. కేప్ అంటిస్తే వీపు కవచం దాకా కుంచె వెళ్లదు.

ప్రైమర్ నల్లది, చాలా పలచగా రెండు విడతల్లో. గరుకుగా పడితే బంగారం గరుకుగానే ఉంటుంది, మీద ఎన్ని కోట్లు వేసినా నయం కాదు. ఆరిన తర్వాత కవచం భాగాలన్నింటికీ సిటడెల్ బ్రాండు రంగు రైనాక్స్ హైడ్ వేశాను, ఎర్రటి ఛాయ ఉన్న ముదురు గోధుమ. బంగారు రంగుల్లో పిగ్మెంట్ పలచన, కింద ఏముందో అది పైకి కనిపిస్తూనే ఉంటుంది. తెల్ల ప్రైమర్ మీద బంగారం నిమ్మకాయ పసుపులోకి పోతుంది. ఎర్ర గోధుమ మీద వెచ్చబడుతుంది. బంగారు రేకు అతికించే పనివాళ్లు శతాబ్దాలుగా రేకు కింద బోల్ అనే ఎర్ర మట్టి పూసేది కూడా ఇందుకే. రేకు మందం మైక్రాన్‌లో పదో వంతు ఉంటుంది, దానిలో నుంచి కింది మట్టి రంగు కనపడి బంగారానికి వెచ్చదనం ఇస్తుంది. మనం వాడే అక్రిలిక్ కూడా అదే సూత్రానికి లొంగుతుంది.

మొదటి బంగారు కోటు

మొదటి కోటుకు సిటడెల్ రెట్రిబ్యూటర్ ఆర్మర్. బాగా కప్పుతుంది, రంగు వెచ్చగా ఉంటుంది. సీసాను ఓపిగ్గా ఊపాలి, అడుగున పేరుకున్నదంతా పైకి రావాలి. లోహపు రంగులో మెరిసేది పొడి, అంటే టైటానియం డయాక్సైడో ఐరన్ ఆక్సైడో పూసిన అభ్రకపు పలుకులు, లేదా అల్యూమినియం రేణువులు. అవి బరువు, అడుగుకు దిగుతాయి. ఊపకుండా పైది తీసి వేస్తే మిగిలేది జిగురు మాత్రమే.

తడి పాలెట్ ఇక్కడ వాడను. దాని కాగితం మీద నీళ్లు పీలుస్తూ పీలుస్తూ రంగు విడిపోతుంది, పొడి అంచులకు పారిపోయి పక్కనున్న చర్మం రంగులో చేరుతుంది. అందుకే నున్నటి పింగాణీ పలక వాడాను. నీళ్లకు ఇంకో గ్లాసు, బ్రష్ కూడా వేరే. ఒకసారి లోహపు పొడి కలిసిన నీళ్లలో ముంచిన బ్రష్‌తో నీలం కేప్ వేస్తే ఆ కేప్ మీద జీవితాంతం మిణుగురులే.

పలచన చేయడానికి నీళ్లు చాలా తక్కువ వాడి, మిగతాది అక్రిలిక్ మీడియం (రంగు పొడి లేని జిగురు ద్రవం) కలిపాను. నీళ్లు ఎక్కువైతే పొడి తేలి గుంటల్లో మేటలు వేస్తుంది, ఎత్తైన చోట గోధుమ బయటపడుతుంది. బ్రష్‌ను ప్రతిసారీ వెలుగు ఉండాల్సిన వైపుకే లాగాను. రంగు చివరికి ఎక్కడ ఆగితే అక్కడ పొడి ఎక్కువ చేరుతుంది, ఆ గుణాన్ని మనకు అనుకూలంగా వాడుకోవచ్చు.

సందుల్లో రంగు వేయలేదు. రేకుల కింది అంచులు, చంకల దగ్గర, శిరస్త్రాణం కింది వంపు, ఇవన్నీ గోధుమగానే వదిలాను. రెండో కోటు పడేసరికి కవచం ఒకే తీరుగా, అన్ని చోట్లా ఒకేలా మెరిసే పసుపు లోహం. ఇక్కడ ఆపేస్తే మామూలు బొమ్మ. అసలు పని ఇక మొదలు.

నీడలు

ఈ డైరీలో ఎక్కువ సాయంత్రాలు తీసుకున్న భాగం ఇదే, నాకు అన్నింటికంటే ఇష్టమైనదీ ఇదే.

మొదట వెలుగు ఎక్కడి నుంచి వస్తుందో నిర్ణయించుకున్నాను: పైనుంచి, కొద్దిగా ఎడమగా. ఛాతీ కవచం గుండ్రటి ఆకారం కాబట్టి దాని వెలుగు చుక్క పై భాగంలో చిన్నగా ఉండాలి. ముంజేతి కవచం గొట్టంలా ఉంటుంది, దాని మీద వెలుగు నిలువుగా, సన్నటి పట్టీలా పారాలి, రెండు పక్కలా చీకటి. భుజం రేకులు దాదాపు చదును, వాటి మీద ఒక మూల నుంచి ఎదుటి మూలకు నెమ్మదిగా మారే వెలుగు. మూడు ఆకారాలకు మూడు రకాల ప్రతిబింబాలు. అన్నింటికీ ఒకే వాష్ పోస్తే ఈ తేడా అంతా పోతుంది.

కాబట్టి వాష్ పోయలేదు, గ్లేజ్‌లు వేశాను. రైక్‌లాండ్ ఫ్లెష్‌షేడ్‌లో మాట్ మీడియం కలిపి, బ్రష్‌ను టిష్యూ మీద దాదాపు ఆరేదాకా తుడిచి, నీడ ప్రాంతంలో మాత్రమే పలచటి పొర. ఆరాలి. మళ్లీ ఇంకొంచెం చిన్న ప్రాంతంలో ఇంకో పొర. దీని ఎర్రటి గోధుమ బంగారానికి సరిగ్గా పొసుగుతుంది, సందులో రెండుసార్లు తగిలిన కాంతి రంగు ఇదే.

తర్వాతి దశలో రైనాక్స్ హైడ్‌నే బాగా పలచగా, రేకు రేకుకూ మధ్య ఉన్న సందులో. ఇక్కడ ఒక ముఖ్యమైన మార్పు జరుగుతుంది. మాట్ రంగు లోహపు పొడిని కప్పేసి దాని మెరుపును చంపుతుంది. నేను కోరుకుంటున్నది అదే. దీపాన్ని కింది నుంచి పెట్టి చూసినా రేకుల కింది అంచు తళుక్కుమనదు. మెరిసే చోటు మెరుస్తుంటే, మెరవకూడని చోటు నిశ్శబ్దంగా ఉంటే, ఆ తేడాలోనే లోహం పుడుతుంది. రెండూ మెరిస్తే కంటికి అది మెరుపు కాగితం.

చివరి నీడకు వయొలెట్. పసుపుకు ఎదురు రంగు ఊదా కాబట్టి, చాలా లోతైన సందుల్లో డ్రూకీ వయొలెట్‌ను ఒక్క గీతలా, బ్రష్ మొనతో దించాను. రంగు ఊదాగా కనిపించకూడదు, చీకటిగా కనిపించాలి. ఎక్కువైతే కవచం దెబ్బ తగిలి కమిలినట్టు ఉంటుంది. శిరస్త్రాణం మెడ దగ్గర, చంకల్లో, సింహం నోటి లోపల, అంతే.

ఆకుపచ్చ నీడ గురించి కూడా ఆలోచించాను. పాత కంచు, పాత ఇత్తడి కావాలంటే అది సరైన దారి. బంగారానికి చిలుము పట్టదు. గాలికీ నీటికీ అది కదలదు, మీద మకిలి పేరుకుంటుందేమో గానీ పచ్చబడదు. సందుల్లో పచ్చదనం పెట్టగానే చూసేవారి మనసు దాన్ని రాగి కలిసిన లోహంగా చదివేస్తుంది. అందుకని పచ్చ సీసా మూత తీయలేదు.

కేప్, దాని ప్రతిబింబం

కేప్‌కు ముదురు నీలం ఎంచుకున్నాను. బంగారం పక్కన నీలం ఉంటే రెండూ లేచి నిలబడతాయి, దానిలో వింత లేదు. నన్ను ఆపింది ఇంకో ప్రశ్న: వీపు కవచం కేప్‌కు ఆనుకుని ఉంటుంది కదా, దానిలో కేప్ ప్రతిబింబం ఏ రంగులో కనిపించాలి?

ఎర్ర కేప్ అయితే సులువు. బంగారం ఎరుపును దాదాపు మొత్తంగా తిప్పి పంపుతుంది, కవచం అంచున క్రిమ్సన్ గ్లేజ్ ఒకటి వేస్తే కేప్ దానిలో ప్రతిఫలించినట్టే ఉంటుంది. నీలంలో సగానికి పైగా బంగారం లోపలే ఆగిపోతుంది. కాబట్టి నీలం కేప్ బంగారంలో నీలంగా కనపడకూడదు, మందమైన, కొంచెం పచ్చ ఛాయ ఉన్న చీకటిగా కనపడాలి. రైనాక్స్ హైడ్‌లో కేప్ నీలాన్ని చిటికెడు కలిపి, వీపు కవచం కింది అంచుకూ భుజం రేకుల వెనక వైపుకూ గ్లేజ్‌గా వేశాను. బొమ్మలో ఎవరూ ప్రత్యేకంగా గమనించని భాగమిది, కానీ దాన్ని వేసిన తర్వాతే కవచం, కేప్ ఒకే గదిలో ఉన్నట్టు అనిపించాయి.

వెలుగులు

మొదట మళ్లీ బంగారం. నీడలు వేశాక మధ్య ప్రాంతాలు కొంచెం మసకబారాయి, వెలుగు పడే చోట రెట్రిబ్యూటర్ ఆర్మర్‌తో తిరిగి లేపాను. తర్వాత దానిలోనే స్టార్మ్‌హోస్ట్ సిల్వర్ కొద్దికొద్దిగా కలుపుతూ ఎక్కాను. మొదటి మిశ్రమంలో వెండి నాలుగో వంతు, తర్వాత సగం. సగం దాటితే తెల్ల బంగారంలోకి పోతుంది, అందుకే సగం మిశ్రమం పడే ప్రాంతం చాలా చిన్నది: ఛాతీ మీద గుండ్రటి చుక్క చుట్టూ, ముంజేతి పట్టీ మధ్యలో, శిఖ వంపు మీద.

స్వచ్ఛమైన వెండి మాత్రం బ్రష్ మొనతో చుక్కలే. వంపు అత్యంత పదునుగా తిరిగే చోట్ల, రేకు మూలల్లో, సింహం ముక్కు మీద. దీపం నేరుగా పడిన బంగారం మీద మన కంటికి దాదాపు తెల్లగా మెరిసే బిందువు కనిపిస్తుంది, ఆ బిందువు లేకపోతే లోహం మొద్దుబారినట్టుంటుంది. గీతగా లాగితే అది వెండి పట్టీ అయిపోతుంది, చుక్కగా ఆపాలి.

ఈ పనికి నేను వాడిన దీపం గురించి కూడా రాసుకోవాలి. పసుపు వెలుతురు బల్బు కింద బంగారం ఎప్పుడూ అందంగానే ఉంటుంది, అందుకే దాన్ని నమ్మకూడదు. 5000 నుంచి 6500 కెల్విన్ మధ్య, సీఆర్ఐ (రంగుల్ని ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే కొలత) 90 దాటిన ఎల్‌ఈడీ కిందే రంగులు కలిపాను. ఆ తెల్లటి వెలుతురులో వెచ్చగా కనిపించే బంగారం ఎక్కడైనా వెచ్చగానే ఉంటుంది.

ఇది నిండు బంగారమా, బంగారు పూతా?

అంచుల అరుగుదల వేసే ముందు తేల్చుకోవాల్సిన ప్రశ్న. బంగారం సాంద్రత ఘన సెంటీమీటరుకు 19.3 గ్రాములు, ఉక్కుది 7.85 దగ్గర. అదే మందంలో నిండు బంగారు కవచం చేయిస్తే ఉక్కు కవచానికి దాదాపు రెండున్నర రెట్లు బరువు, పైగా మెత్తన, కత్తి దెబ్బకు నలిగిపోతుంది. నిజంగా ఊరేగింపుల కోసం చేసిన కవచాల్లో ఉక్కు మీద బంగారు పూతే ఉండేది. బంగారాన్ని పాదరసంలో కలిపి ముద్ద చేసి, లోహానికి రాసి, వేడి చేస్తే పాదరసం ఆవిరై బంగారం అంటుకుని ఉండిపోయేది. ఆ ఆవిరి పనివాళ్ల ప్రాణాలకు ముప్పు.

కాబట్టి నా యోధుడి కవచం పూత కవచం. పూత అరిగిన చోట కింది ఉక్కు కనపడాలి. డాలు అంచు, మోచేతి మూల, ఎప్పుడూ కేప్ రాసుకునే భుజం వెనక. అక్కడ ముదురు ఉక్కు రంగును స్పాంజ్ ముక్కతో అద్ది, దాని కింది అంచున సన్నటి వెలుగు గీత. ఉక్కు రంగు వెలుగుల్లోని వెండి కంటే చాలా ముదురుగా, చల్లగా ఉండాలి. లేకపోతే చూసేవారికి అరుగుదలేదో మెరుపేదో తెలియదు. ఛాతీ మధ్యలో అరుగుదల వేయలేదు, అక్కడ ఏదీ రాసుకోదు.

సింహం ముఖానికి అరుగుదల ముక్కు మీద, కనుబొమల మీద మాత్రమే. జూలులో పలచటి గోధుమ నూనె రంగును దించి, పైపైన కాటన్ బడ్‌తో తుడిచాను. నూనె రంగు ఆరడానికి సమయం తీసుకుంటుంది, అందుకే నగిషీ సందుల్లో మకిలి వేయడానికి అది అక్రిలిక్ కంటే నయం. తుడిచి సరిదిద్దుకోవచ్చు.

వార్నిష్

బొమ్మ చేతుల్లో తిరుగుతుంది, వార్నిష్ తప్పదు. కానీ మొత్తం బొమ్మ మీద మాట్ వార్నిష్ స్ప్రే చేస్తే ఇన్ని సాయంత్రాల పని మంటగలిసినట్టే. మాట్ వార్నిష్ పైపొరలో కాంతిని చెదరగొడుతుంది, లోహపు పొడి దాని కింద మునిగిపోతుంది.

అందుకని బ్రష్‌తోనే, ఏ భాగానికి దానికది. కేప్, చర్మం, తోలుకు మాట్. కవచానికి పలచటి మెరిసే (గ్లాసీ) వార్నిష్, అదీ వెలుగు పడే భాగాలకు మాత్రమే. నీడ సందులకు మళ్లీ మాట్, మొనదేలిన బ్రష్‌తో. రేకుల మధ్య ఇది ఓపిక పని, ఒక్కో రేకుకూ ఊపిరి బిగబట్టాల్సి వచ్చింది. వార్నిష్ ఆరాక ఛాతీ మీద వెండి చుక్కను ఒక్కసారి మళ్లీ పెట్టాను, మెరిసే వార్నిష్ పొర మీద అది ఇంకా పదునుగా నిలిచింది.

వల్లేజో లిక్విడ్ గోల్డ్ కూడా నా దగ్గరుంది. ఆల్కహాల్ ఆధారంగా చేసిన రంగు, మెరుపులో దానికి సాటి తక్కువ. బ్రష్ కడగడానికి నీళ్లు పనికిరావు, ఆల్కహాల్ కావాలి, గదిలో గాలి ఆడాలి. శిరస్త్రాణం శిఖ చివర్లకు మాత్రం దాన్ని అద్దాను, మిగతా కవచం కంటే అది ఒక మెట్టు ఎక్కువ మెరవాలి కాబట్టి.

ఇంకా మిగిలింది

కేప్, డాలు అంటించాను. అతికిన చోట వెలితి ఉంది, పలచటి మట్టి రంగు జిగురుతో నింపాలి. పీఠం మీద ఎండిన గడ్డి, కొద్దిగా పొడి మట్టి; పాదాల కవచం కింది అంచున కూడా అదే మట్టి పిగ్మెంట్‌ను అద్దితే యోధుడు నేల మీద నిలబడినట్టుంటాడు.

ఫోటోలు తీయడానికి దీపం ముందు ట్రేసింగ్ పేపర్ అడ్డం పెట్టి చూశాను. నేరుగా పడిన కాంతిలో ప్రతి పలుకూ విడివిడిగా మిణుకుమంటుంది, కాంతి మెత్తబడితే నీడల ఎరుపు బయటికి వస్తుంది.

ఇదే దళంలో జెండా పట్టుకున్నవాడు వరుసలో ఉన్నాడు. అతని కవచం ఇత్తడిగా వేస్తాను, అక్కడ ఆకుపచ్చ నీడలు వేయొచ్చు, చిలుము కూడా పట్టించొచ్చు. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే ఏది బంగారమో, ఏది ఇత్తడో చెప్పగలిగేలా ఉండాలి.